గిన్నె ఎవరి దగ్గర ఆగాలి

(మామిడికుదురు దగ్గర ఒక పల్లె. శనివారం మధ్యాహ్నం. ఇంగ్లీషు అధ్యాపకురాలిగా పనిచేసి విరమించిన ఎలీసమ్మ వంటగది. దైవశాస్త్రం చదువుతున్న మేనకోడలు ప్రిస్కిల్ల అప్పుడే వచ్చింది.)

"నీళ్లలో మునిగి చనిపోయినవాడి అరచెయ్యి ఎందుకు కాలుతుంది?"

"అత్తయ్యా, నేనింకా చెప్పులైనా విప్పలేదండీ."

"విప్పు. విప్పి, కూర్చుని, జవాబు చెప్పు. రేపటితో మీ తమ్ముడు పోయి ఏడాది. ఈ ప్రశ్న మీ నాన్నను అడిగాను. సంఘపెద్ద సత్యానందం గారిని అడిగాను. మోకాళ్ల మీద ఉండి పైవాణ్ణీ అడిగాను. ముగ్గురూ ఒకేలాగా దాటేశారు. నీకు చదువుంది కనుక నిన్ను అడుగుతున్నాను."

"నరసాపురం రేవులో గోదావరి దాటే పంటు కోసం ఎండలో నిలబడి నిలబడి తల తిరిగిపోయింది. సఖినేటిపల్లిలో దిగితే ఆటో లేదు. ముందు మంచినీళ్లివ్వండి."

"కుండలో ఉన్నాయి, ముంచుకో. పొయ్యి మీద ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోకు."

"ఏంటది?"

"నల్ల ఎండుద్రాక్ష. రాత్రి నానబోశాను. రేపు మందిరంలో ప్రభువు బల్లకు రసం."

"మీరు రసం కాచడం మానేశారని అమ్మ చెప్పిందే. రాజ్ కుమార్ పోయిన దగ్గర్నుంచీ మందిరం గుమ్మమే తొక్కలేదని."

"తొక్కలేదు. ఈ వారం నేనే కబురుపెట్టి, రసం నేను కాస్తానన్నాను. సత్యానందం గారు ఎంత సంతోషించారనుకున్నావు! 'ఎలీసమ్మ గారి మనసు ప్రభువు మెత్తబరిచేరండీ, ఆయ్' అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేరట."

"ఎందుకు కాస్తానన్నారు?"

"నీ ముఖం ఎందుకలా పాలిపోయింది?"

"ఎందుకు కాస్తానన్నారు, అత్తయ్యా?"

"ముందు అడిగింది నేను. అరచెయ్యి."

"రాజ్ కాలవ గట్టు మీద జారిపోయాడు. అందరూ చెప్పింది అదే కదండీ."

"అందరూ చెప్పినది నాకు వినబడింది. నాకు కనబడినది చెబుతాను, విను. పెట్టెలో వాడికి కోటు వేశారు, టై కట్టారు, చేతులకు తెల్లతొడుగులు తొడిగారు. మనవాళ్లు కుర్రవాణ్ణి పెళ్లికొడుకులా సాగనంపుతారు, అందులో వింత లేదు. కానీ ముఖానికంటిన బురద ఇంకా తుడవకముందే తొడుగులు వేసినవాళ్లను నేనెక్కడా చూడలేదు. ముద్దు పెట్టుకునే వంకతో కుడిచేతి తొడుగు వెనక్కి తీశాను. అరచేతికి అడ్డంగా ఒక గీత. నల్లగా, స్కేలు పెట్టి గీసినట్టు. కరెంటు తీగ పట్టుకుంటే పడే గీత."

"ఈ సంగతి నాన్నకు చెప్పారు కదా."

"చెప్పాను. ఏమన్నాడో తెలుసా? 'అక్కా, నువ్వు ఆ ఇంగ్లీషు నాటకాలు చదివి చదివి పాడైపోయేవే' అన్నాడు."

"అందులో అబద్ధం లేదు కదండీ."

"నవ్వుతున్నావా?"

"లేదండీ. మీరే అనేవారు. ఇంగ్లండులో జేమ్సు రాజు కాలంలో రాసిన ప్రతీకార నాటకాలు చదివినవాళ్లు పెళ్లి భోజనానికి వెళ్లినా ముందు పళ్లెం వంక చూస్తారని."

"అన్నాను. నీకు ఎం.ఏ. పాఠం చెప్పిందీ నేనే. వాటిలో విషం ఎక్కడెక్కడ పెడతారో గుర్తుందా?"

"అత్తయ్యా, ఆ మాటలిప్పుడెందుకు?"

"గుర్తుందా లేదా?"

"గోడకు వేలాడే బొమ్మ మీద. చేతిలో పట్టుకునే పుస్తకం మీద. చనిపోయినదాని పుర్రెకు రంగు పూసి, ఆ పెదాల మీద."

"ఇంకా?"

"తాగే గిన్నెలో."

"బాగానే చదివావు."

"ఆ గరిటె ఇలా ఇవ్వండి. రుచి చూస్తాను."

"ముట్టుకోవద్దన్నాను."

"ఎందుకు ముట్టుకోకూడదు?"

"బల్ల కోసం కాచినదాన్ని ఎంగిలి చేయరు కనుక."

"అయితే మీరు తాగండి. నా ఎదురుగా. ఒక్క గుక్క."

"ఓహో."

"తాగండి, అత్తయ్యా."

"అదా నీ అనుమానం! అందుకా ముఖం అలా పాలిపోయింది?"

"తాగుతారా లేదా?"

"ఇదిగో. తాగాను. మళ్లీ తాగాను. కాస్త వగరుగా ఉంది, పంచదార చాలలేదు. గిన్నె అడుగు చూపించమంటావా?"

"క్షమించండి."

"ఆ మాట నీ నోట చాలా తొందరగా వస్తుంది. చూడమ్మాయ్, మన మందిరంలో గిన్నె ఒక్కటే. ఒక్క సత్యానందం కోసం పసివాళ్ల నుంచి ముసలివాళ్ల దాకా అందరినీ చంపేదానిలా కనబడ్డానా? అంత మోటుపని ఆ నాటకాల్లోవాళ్లే చేయరు."

"చేస్తారు. అయిదో అంకం ముగిసేసరికి వేదిక మీద బతికున్నవాడు ఉండడు. ప్రతీకారం తీర్చుకున్నవాడైతే అసలే ఉండడు. పాఠం చివర ఆ మాట మీరే చెప్పారు."

"చెప్పాను. మరిచిపోలేదు."

"మరి రేపు మందిరానికి ఎందుకొస్తున్నారు?"

"గిన్నె మన దగ్గర ఎలా తిరుగుతుందో చెప్పు."

"మీకు తెలియనిదా?"

"నీ నోటితో విందామని."

"సత్యానందం గారు ప్రార్థన చేసి ముందు వరుసలోవాళ్లకు ఇస్తారు. మగవాళ్లందరి చేతులూ దాటి ఆడవాళ్ల వైపు వస్తుంది. ఆఖరి చేతి నుంచి మళ్లీ ఆయన దగ్గరకు చేరుతుంది. పెద్ద అందరికంటే ఆఖర్న తాగాలి."

"అంతకుముందు?"

"అంతకుముందు అడుగుతారు. 'ఎవరికైనా ఎవరి మీదనైనా విరోధం ఉందాండీ?' అని."

"ఉందని ఎవరైనా అంటే?"

"అది తేలేదాకా గిన్నె కదలకూడదు. మనవాళ్లకు మొదట్నుంచీ ఉన్న పద్ధతి."

"నీకు బుద్ధి తెలిశాక ఎన్నడైనా ఆగిందా?"

"లేదు. ఆయన అడుగుతారు, అందరం తల వంచుకుంటాం, గిన్నె కదులుతుంది."

"అదీ సంగతి. జవాబు రాదన్న ధీమాతో వారం వారం అడిగే ప్రశ్న. కడుపులో మేనల్లుడి చావు పెట్టుకుని నేనెన్ని ఆదివారాలు తల వంచుకోవాలి? అందుకే మానేశాను. రేపు వంచుకోను."

"ఆడవాళ్లు కూడికలో మాట్లాడకూడదు కదండీ."

"మాట్లాడను. ముసుగు వేసుకుని, అందరితోపాటు బుద్ధిగా కూర్చుంటాను. గిన్నె నా చేతికి వస్తుంది. పట్టుకుని లేచి నిలబడతాను. తాగను. పక్కవాళ్లకు ఇవ్వను. నేను ఇవ్వకపోతే అది ఆయన దగ్గరకు చేరదు. ఎందుకు ఆపానని వాళ్లే అడగాలి. అడిగినదానికి జవాబు చెప్పడం మర్యాద."

"ఆపకండి, అత్తయ్యా."

"ఏం? మీ పండితులు ఒప్పుకోరా?"

"పండితుల మాట కాదు. నేను అడుగుతున్నాను. ఆపకండి."

"కారణం చెప్పు."

"క్షమించమని..."

"ఎవరిని? నేరం నాదని ఎవరైనా వచ్చి చెప్పారా? క్షమించేదానికి ఒక మనిషి కావాలి, ఒక పని కావాలి, పని చేసింది నేనే అన్న నోరు కావాలి. ఈ మూడూ లేకుండా ఇచ్చేది క్షమ కాదు. శవం మీద చల్లే అత్తరు."

"నా పరిశోధన కూడా దాని మీదేనండీ. క్షమించే హక్కు ఎవరిది అని. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలోని ప్రొటెస్టెంటు పండితులు దాంతో చాలా కొట్టుమిట్టాడారు. గుడిలో అందరూ పాటలు పాడుకుంటుంటే, పక్క వీధిలోంచి యూదుల్ని చావుకు ఎక్కించుకుని బళ్లు వెళ్లాయి. ఆ చప్పుడు వినబడకుండా ఉండడానికి ఇంకాస్త గట్టిగా పాడారు. ఆ పాడినవాళ్లను ఎవరు క్షమించాలి? దేవుడా? ఆ బళ్లలో పోయినవాళ్లా?"

"ఏం తేల్చారు?"

"పోయినవాళ్లను అడక్కుండా దేవుడు కూడా క్షమించలేడని కొందరు. అంత మాట అనడానికి మనమెవరమని కొందరు. దేవుడు న్యాయపీఠం మీద కాదు, ఆ బండిలోనే ఉన్నాడని మరికొందరు."

"ఆ ఆఖరువాళ్లు నాకు నచ్చారు."

"నాకూ నచ్చారు. కానీ అది రాస్తుంటే ప్రతి పేజీలోనూ మా ఇల్లే కనబడుతోంది."

"మీ ఇల్లెందుకు? సత్యానందం ఇల్లు కదా కనబడాలి?"

"నీళ్లు ఇంకొంచెం ముంచుకుంటాను."

"ముంచుకో. తప్పించుకోకు. నా నాటకాల్లో ఒక సదుపాయం ఉంది, ప్రిస్కిల్లా. పోయినవాడు తిరిగొస్తాడు. తనను ఎవరు చంపారో, ఎలా చంపారో పేరుపెట్టి చెబుతాడు. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆ దయ్యాలను చూసి నేనే నవ్వేదాన్ని. ఇప్పుడు పొద్దువాలి రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు తిరగడం మొదలవగానే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. వస్తాడేమోనని. నగరం ఊరి వైపు ఆకాశం ఎర్రబడుతుంది, చీకటి పడుతుంది. వాడు రాడు. నేను చదువుకున్నదాన్ని, దయ్యాలను నమ్మనిదాన్ని. అయినా నా దగ్గరకు ఎందుకు రాడు అని ఏడుస్తున్నాను."

"నాన్న దగ్గరకు వస్తాడు."

"ఏమన్నావు?"

"ఏం లేదండీ."

"అన్నావు. చెప్పు."

"నాన్న నిద్రలో మాట్లాడతారని అమ్మ చెప్పింది. రాజ్ గుమ్మంలో నిలబడతాడట. చేతిలో అన్నం క్యారేజీ ఉంటుందట. 'నాన్నా, అప్పుడే వేసేశావా?' అని అడుగుతాడట."

"ఏం వేయడం?"

"ఏమో. తలుపు గడియేమో."

"మీ నాన్న ఇంట్లో స్విచ్చి కూడా ముట్టుకోవడం లేదటగా. ఫ్యాను మీ అమ్మే వేయాలి, లైటు మీ అమ్మే ఆర్పాలి."

"ఆయ్."

"కొడుకును కరెంటు చంపిందని వాడికీ తెలుసన్నమాట. తెలిసే నన్ను పిచ్చిదాన్ని చేశాడు. ఎందుకు? సత్యానందానికి భయపడి. వాడి రొయ్యల చెరువుకు కాపలా కాస్తున్నాడు కనుక, వాడి తిండి తింటున్నాడు కనుక. ఆ చెరువు చుట్టూ తీగ ఉంది."

"నీటికుక్కలు రొయ్యల్ని తినేస్తున్నాయని కట్టించేరు."

"నీకెలా తెలుసు?"

"ఊరందరికీ ముందునుంచే తెలుసు కదండీ. మీకు తెలియదా?"

"ద్రాక్ష అడుగంటుతోంది. గరిటె ఇలా ఇవ్వు."

"అత్తయ్యా, ఆ తీగ సంగతి రాజ్ పోకముందే మీకు తెలియదా?"

"గరిటె ఇవ్వమన్నాను."

"ఇదిగోండి."

"ఆ సాయంత్రం మీ నాన్న మందిరంలో ఉపవాస ప్రార్థనలో ఉన్నాడు. అది ఊరంతా చూసింది. కాపలావాడు లేని చెరువు మీద తీగకు కరెంటు పెట్టేవాడు యజమాని గాక ఇంకెవడు? తల తిప్పుకున్నావేం? సరే, నేను చెప్పింది నిజమేనని అనుకుంటాను."

"అనుకోకండి."

"మరి ఏమనుకోను?"

"అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. రేపు గిన్నె పక్కవాళ్లకు ఇచ్చేయండి. మీరు ఎవరికి ఏ శిక్ష వేయించాలన్నా నేను తోడొస్తాను. పోలీసులు, కోర్టు, ఏదైనా. మందిరంలో మాత్రం వద్దు. నాన్న ఎదురుగా వద్దు."

"పోలీసుల దగ్గరకు పోవద్దన్నది మీ నాన్నే. తెల్లారేసరికి సమాధి చేసేయాలన్నదీ మీ నాన్నే. కొడుకు చావుకు కారణం తెలుసుకోవాలని లేని తండ్రి ఎదురుగా నేనెందుకు మొహమాటపడాలి?"

"అక్కా! ఉన్నావా?"

"వచ్చాడు మీ నాన్న, నూరేళ్లు. లోపలికి రా, కొండయ్యా."

"సత్యానందం గారు రసం సీసా అట్టుకురమ్మన్నేరు. ఏంటే అక్కా, ఈ సీకటి వొంటింట్లో కూకున్నారు? లైటెయ్యొచ్చు కదా."

"స్విచ్చి నీ భుజం పక్కనే ఉంది."

"నువ్వెయ్యవే."

"నీ భుజం పక్కనే ఉంది, తమ్ముడూ."

"నేను వేస్తాను నాన్నా. జరగండి."

"ఎప్పుడొచ్చేవమ్మా? అమ్మకి చెప్పేవా?"

"ఇప్పుడే నాన్నా. మీరు ఇంటికి పదండి. సీసా నేను తెస్తాను."

"కాసేపాగి ఎల్తాను. అక్కా, నేను వొచ్చి కాసేపయ్యింది. వోకిట్లో నిలబడి ఇన్నాను."

"విన్నది మంచిదే. నా పని తేలికయింది."

"రేపు గిన్నె ఆపుతావంట."

"ఆపుతాను. నువ్వు వచ్చి కాళ్లు పట్టుకున్నా ఆపుతాను."

"కాళ్లట్టుకోడానికి రాలేదే. ఆపు. కానీ నీ దాకా రానియ్యకు. నా దగ్గరే ఆపు."

"నాన్నా, వద్దు."

"నువ్వూరుకో అమ్మా. ఏడాది నుంచీ నువ్వూరుకున్నావు, ఇప్పుడు కూడా ఊరుకో. అక్కా, ఆ గిన్నె నా సేతికొచ్చినప్పుడల్లా నేను పెదాలకి ఆనించి పక్కోడికిచ్చేత్తన్నాను. గుటకెయ్యలేదు. ఒక్క వారం కూడా ఎయ్యలేదు."

"ఎందుకని?"

"తీగకి కరెంటెట్టింది నేనే."

"ఏమంటున్నావు?"

"నేనే. రోజూ సీకటడ్డాక గట్టు సివర నిలబడి 'తీగో, తీగా!' అని మూడు కేకలేసి, అప్పుడేసేవోణ్ణి. సేలల్లో ఎవరున్నా ఇని తప్పుకునేవోరు. ఆ రోజు ప్రార్దనకి పొద్దోతందని ముందే ఏసేను. ఇంకా ఎలుతురుంది కదా, కనపడతాది కదా అని కేకెయ్యలేదు. అడ్డదారిన ఎల్లిపోయేను."

"వాడు అక్కడికెందుకు వచ్చాడు?"

"అన్నం అట్టుకొచ్చేడే. రోజూ తెచ్చేది ఆడే కదా."

"నీకు ఆ రోజు ఉపవాసం కదా?"

"ఉపాసమని ఇంట్లో సెప్పలేదు. సెయ్యాలంటే ఎవరికీ తెలీకుండా సెయ్యాలి, సెప్పుకుంటే పలితం పోద్దని సత్యానందం గారు బోదించేరు కదా. ఆ మాట మీద నిలబడ్డాను. మా ఇంటిది వొండింది. ఆడు తెచ్చేడు. ఒక సేతిలో క్యారేజీ, రెండో సేత్తో తీగ... కేకెయ్యలేదు కదా అని... గట్టు ఎక్కడానికి..."

"కూర్చో. ప్రిస్కిల్లా, కుర్చీ వెయ్యి."

"కూకోను. ప్రార్దన నుంచి తిరిగొచ్చేసరికి క్యారేజీ బోర్లాపడుంది. నేను తినని అన్నం గట్టంతా."

"నువ్వు పరుగెత్తింది ఎవరి దగ్గరకు?"

"సత్యానందం గారి దగ్గరికే. ఆయనన్నేరు, 'కొడుకు ఎలాగూ పోయేడు. నువ్వు జైలుకెల్తే ఇంట్లో ఆడోళ్లేమవుతారు? కాలవలో ఎయ్యి, నేను సూసుకుంటాను' అని. నేనే మోసేను."

"తీగ ఎవరిది?"

"ఆయనదే."

"కరెంటు పెట్టమన్నది?"

"ఆయనే."

"పెట్టింది?"

"నేను."

"అక్కడ తీగ ఉందని తెలిసినవారు?"

"ఊరంతానూ."

"ప్రిస్కిల్లా, నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"ఆ రాత్రి నుంచే. నేను సెలవులకు ఇంట్లోనే ఉన్నాను కదండీ. పెట్టె కంటే ముందు తొడుగులు తెమ్మని నాన్న నన్ను రాజోలు పంపారు. ఎందుకని అడిగాను. చెప్పారు. ఆ తెల్లతొడుగులు కొనుక్కొచ్చింది నేనే అత్తయ్యా."

"నువ్వా?"

"మూసేస్తున్న షాపులో కొలత అడిగారు. నా చెయ్యి చూపించాను."

"అందుకేనా దైవశాస్త్రంలో చేరింది?"

"ఇంకెక్కడికి పోవాలో తెలియలేదు. ఇంట్లో నాన్నకు అన్నం పెట్టలేకపోయాను, పెట్టకుండా ఉండలేకపోయాను. ఏదో ఒక పుస్తకంలో ఎవరో ఒకరు ఈ మనిషిని ఏం చేయాలో రాసి ఉంటారనుకున్నాను."

"రాశారా?"

"లేదండీ."

"నా పుస్తకాల్లోనూ లేదు. వాటిలో హంతకుడు రాజభవనంలో ఉంటాడు. పట్టుబట్టలు కట్టుకుని, చేతికి ఉంగరాలు పెట్టుకుని, చూడగానే చంపబుద్ధయ్యేలా ఉంటాడు. స్విచ్చి వేయమని అక్కను బతిమాలుకునేవాణ్ణి ఎవరూ రాయలేదు."

"అక్కా, నన్ను తిట్టవే."

"తిట్టను."

"కొట్టు పోనీ."

"కొడితే నీకు తేలికవుతుంది. రేపు మందిరంలో నీ నోటితో నువ్వు చెప్పగలవా?"

"నోరు రాదే. ఆయన అడిగినప్పుడల్లా సెబుదామనే కూకుంటాను. అందరూ తలొంచుకుంటారు. నా తల కూడా దానంతటదే వొంగిపోద్ది."

"అత్తయ్యా, ఇప్పుడైనా మానేస్తారా? నాన్న చెప్పేశారు కదా. మీకు కావలసిన జవాబు దొరికింది కదా."

"నాకు దొరికింది. పోయినవాడికి దొరకలేదు. వాడు ఇంకా క్యారేజీ పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ సీసా ఇలా ఇవ్వు, రసం చల్లారింది."

"ఎవరి దగ్గర ఆపుతారు? సత్యానందం గారి దగ్గరా? నాన్న దగ్గరా?"

"గరాటు సరిగ్గా పట్టుకో. ఒలుకుతోంది."

(మర్నాడు ఉదయం. మందిరం. బల్ల దగ్గర సత్యానందం.)

"ప్రియులారా, బల్లను సమీపించే ముందు ఎప్పటిలాగే అడుగుతున్నానండీ. ఎవరికైనా ఎవరి మీదనైనా విరోధం ఉందాండీ? లేదు కదండీ. ప్రభువుకు స్తోత్రం. ఈ రోజు మన కొండయ్య గారి అబ్బాయి జ్ఞాపకార్థం కూడా. ఎలీసమ్మ గారు మళ్లీ మన మధ్యకు వచ్చేరు. అదే పెద్ద ఆశీర్వాదం. గిన్నె అందుకోండి, బ్రదర్ గారూ. ఆయ్, అలా పంపండి."

"తాగండి, ఎలీసమ్మ గారూ. ఎలీసమ్మ గారూ? నాకివ్వండి మరి. అయ్యో, ఈవిడ నిలబడిపోయేరండీ!"

"ఏమండీ ఎలీసమ్మ గారూ, ఒంట్లో బాగాలేదాండీ? కూర్చోండి. గిన్నె పక్కవారికివ్వండి."

"ఇవ్వను."

"అదేంటండీ?"

"ఎందుకు ఇవ్వనో అడగండి, సత్యానందం గారూ."

"ఆడవారు కూడికలో మాట్లాడే పద్ధతి..."

"అందుకే అడగమంటున్నాను."

"సరేనండి, ఎందుకివ్వరు?"

"మీరు వారం వారం అడిగే ప్రశ్నకు జవాబు ఉంది కనుక. నాకు విరోధం ఉంది. మీ మీద ఉంది, తీగ కట్టించినందుకు, పసివాడి శవాన్ని కాలవలో వేయించినందుకు, ఆ చేతులతోనే ఈ గిన్నె ఎత్తినందుకు. నా తమ్ముడి మీద ఉంది, కేక వేయకుండా కరెంటు పెట్టినందుకు."

"అమ్మా, ఇది మందిరం..."

"అవును, మందిరమే. ఇంకెక్కడ చెప్పమంటారు? ఆ రెండు పేర్లూ చెప్పి కూర్చోవచ్చు. నిన్న మధ్యాహ్నం దాకా అలాగే అనుకున్నాను. కూర్చోను. నా మీద నాకు విరోధం ఉంది. ఆ తీగను నేను చూశాను. గొడుగు కమ్మీ తగులుతుందేమోనని గొడుగు ముడుచుకుని దాని పక్క నుంచి నడిచాను. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచి, నాలుగు వందల ఏళ్ల కిందటి చావుల మీద వ్యాసం రాసుకున్నాను. తీగ తీయించమని ఎవరితోనూ అనలేదు."

"అక్కా..."

"లేచావా, కొండయ్యా? నిలబడు. ఈసారి తల వంచకు. ప్రిస్కిల్లా, వెళ్లి మీ నాన్న చెయ్యి పట్టుకో."

"పట్టుకున్నాను అత్తయ్యా."

"ఎవరండీ అక్కడ, తలుపు తియ్యండి! ఈవిణ్ణి బయటికి..."

"తలుపు తీసే ఉంది, సత్యానందం గారూ. మీకు వెళ్లాలనుంటే వెళ్లవచ్చు. గిన్నె మాత్రం ఇక్కడే ఉంటుంది. ఇక మీరు. తల వంచుకున్న మీరందరూ. వెనక ఎక్కడో కూర్చుని, ఇది కోనసీమలో ఏదో పల్లె గొడవ, మనకెందుకులే అనుకుంటూ ఇంతసేపూ విన్న మీరు కూడా. మీ దారిలోనూ ఒక తీగ ఉంది. అది మీరు చూశారు. అది ఎవరు కట్టారో మీకు తెలుసు. గొడుగు ముడుచుకుని మీరూ దాని పక్క నుంచే వచ్చారు. నా చెయ్యి ముసలిది, ఈ గిన్నెను ఎంతోసేపు మోయలేదు. లేవండి. లేచి, కట్టినవాడి పేరు చెప్పండి."